ఈశాన్యం మూల చీమిడి

మా ఇంట్లో ఉప్పు రెండు రకాలు. వంటింటి ఉప్పు ఇండియన్ స్టోర్‌లో ప్యాకెట్ కొంటాం, చేపల ఉప్పు ఆక్వేరియం షాపులో బకెట్ల లెక్కన కొంటాం, ఈ రెండోదాని ధర మా అమ్మకి చెప్పకూడదని నాకూ మా ఆవిడకీ మధ్య ఒప్పందం. డాలస్ దగ్గర, సముద్రం కావాలంటే నాలుగైదు గంటలు కారు నడపాల్సిన ఊళ్ళో, హాల్లో సముద్రం పెట్టుకోవడం అంటే మాటలు కాదు. కుళాయి నీళ్ళు పనికిరావు. వాటిని ఫిల్టర్లో బొట్టుబొట్టుగా పట్టి, అందులో ఏ లవణమూ లేకుండా చేసి, మళ్ళీ లీటరుకి 35 గ్రాముల చొప్పున ఉప్పు కలపాలి. ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన మా అమ్మ మొదటి వారంలోనే ఇదంతా గమనించి, "ఉన్న ఉప్పు తీసేసి మళ్ళీ ఉప్పు పోస్తున్నావేంట్రా?" అంది. నా దగ్గర మంచి సమాధానమే ఉంది కానీ చెప్పడానికి పావుగంట పడుతుంది, ఈలోగా ఆవిడ సీరియల్ మొదలైపోయింది.

ట్యాంకు 75 గ్యాలన్లు. ఒక జంట క్లౌన్ చేపలు, నాలుగైదు పగడాలు, అద్దాలు శుభ్రం చేసే నత్తలు. చేపల మేత, వ్యర్థాల వల్ల నీళ్ళలో పేరుకునే నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆ సున్నాలు చూపించేవాణ్ణి. వాళ్ళు "అబ్బో" అనేవారు, ఎందుకంటే కాఫీ ఇంకా రాలేదు కదా.

అలాంటి ట్యాంకులో ఇసుక మీద తేనెరంగు దుమ్ము పడటం మొదలైంది. కొత్త ట్యాంకుల్లో వచ్చేదేలే అనుకుంటే అది పొర అయింది, పొర కాస్తా జిగురు అయింది. పగడం కొమ్మ చివర నుంచి ఒక దారం సాగుతుంది, ఆ దారం కొసన ఆవగింజంత గాలి బుడగ, పంపు నీళ్ళు ఎటు తోస్తే అటు ఊగుతుంది. వేలు పెట్టి తీస్తే తెగదు, వేలికి చుట్టుకుని వెంట వస్తుంది, విదిలిస్తే ఎదురుగా ఉన్న గోడకి అంటుకుంటుంది. చూసినవాళ్ళు ఎవరైనా ఒకటే మాట: చీమిడి.

దీనికి టైమింగ్ కూడా ఉంది. రాత్రి లైట్లు ఆపేస్తే మాయం. పొద్దున్నే చూస్తే ఇసుక తెల్లగా, కడిగి ఆరబోసినంత శుభ్రంగా ఉంటుంది. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి "పోయిందిగా!" అనేది. "సాయంత్రం వస్తుందమ్మా" అనేవాణ్ణి. మధ్యాహ్నం మూడింటికల్లా, ఆఫీసు మీటింగుల మధ్యలో తొంగి చూస్తే, దారాలూ బుడగలూ యథాతథం. రోజూ ఇదే సంభాషణ. అమ్మ ఆశావాది.

మావాడి పుట్టినరోజుకి ఎవరో ఇచ్చిన మైక్రోస్కోపు అల్మరాలో పడి ఉంటే తీసి, ఒక చుక్క పెట్టి చూశాం. నువ్వుగింజ ఆకారంలో ఉన్న జీవులు, ఒక కొస సన్నగా. ఆ సన్న కొస దగ్గర కనిపించని తాడేదో కట్టేసినట్టు, ఒక్కొక్కటీ ఉన్నచోటే గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతోంది. వాడు అరగంట కళ్ళు తియ్యలేదు, బహుమతి ఇచ్చినవాళ్ళ డబ్బులు మొదటిసారి గిట్టుబాటయ్యాయి. అలా తిరిగేవి డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు, అందులోనూ ఆస్ట్రియోప్సిస్ అనే రకం. విషం ఉంటుంది వీటికి. మా నత్తలు ఒక్కొక్కటీ వెల్లకిలా పడిపోవడానికి కారణం ఏంటో అప్పుడు తెలిసింది. 2005లో ఇటలీలోని జెనోవా తీరంలో ఇదే జాతి విపరీతంగా పెరిగితే, ఆ సముద్రపు గాలి పీల్చిన రెండొందల మంది దాకా దగ్గూ జ్వరంతో వైద్యానికి పరుగెత్తారు. ఈ సంగతి భోజనాల దగ్గర ఆసక్తికరంగా ఉంటుందని చెప్పాను. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ ట్యాంకుకి దూరంగా, గరాజ్ తలుపుకి అడ్డంగా ఉంది. అప్పట్నుంచీ కారెక్కాలంటే టేబుల్ చుట్టూ ప్రదక్షిణ చేసి వెళ్తున్నాం.

అసలు మంట ఎక్కడంటే, ఈ దరిద్రం మురికి వల్ల రాలేదు. శుభ్రత వల్ల వచ్చింది. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి పడిపోతే మామూలు నాచుకీ, మంచి బ్యాక్టీరియాకీ తిండి ఉండదు, అవి తప్పుకుంటాయి. ఖాళీ అయిన జాగాలో ఏమీ లేకపోయినా బతకగల డైనోలు వచ్చి కూర్చుంటాయి. నీళ్ళు మార్చి, ఇసుక కడిగి, ఫిల్టర్ పెంచి, ఇంకా శుభ్రం చేశారా, ఇంకా ఆనందిస్తాయి. పైగా పగడాలకి వీటితో దగ్గరి చుట్టరికం కూడా ఉంది. పగడం ఒంట్లో కాపురం ఉండి దానికి ఎండలోంచి అన్నం వండిపెట్టేవి కూడా డైనోఫ్లాజెల్లేట్లే. 2019 ఆగస్టులో చెన్నై బీచ్‌లో రాత్రిపూట అలలు నీలంగా మెరిశాయని అందరూ ఫోన్లు పట్టుకుని పరిగెత్తారే, అవి కూడా ఈ వంశమే. ఒకరింట్లో వెలుగులు, ఒకరింట్లో వంట, మా ఇంటికొచ్చేసరికి చీమిడి.

ఆఫీసులో ఇదే పిచ్చి ఉన్న మిత్రుడొకడు మందు చెప్పాడు. "నీళ్ళు మార్చకు. ఇసుక ముట్టుకోకు. ఫాస్ఫేట్ పీల్చే ఫిల్టర్ తీసేయ్. చేపలకి దండిగా మేత వెయ్యి. నైట్రేట్ బయట నుంచి పొయ్యి." అంటే ఇన్నాళ్ళూ డబ్బులు పెట్టి తీసేసినవన్నీ ఇప్పుడు డబ్బులు పెట్టి మళ్ళీ కొని పొయ్యాలి. ఇందులో అమ్మకి నచ్చినది మేత ఒక్కటే. "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా, ఆ చిటికెడు ఏం సరిపోతుంది నోరున్న జీవాలకి."

పొటాషియం నైట్రేట్ డబ్బా వచ్చిన రోజున నాన్న నరసరావుపేట నుంచి వీడియో కాల్‌లో ఉన్నారు. డబ్బా మీద పేరు చదవమన్నారు, చదివాను.

"అది 13-0-45 కదరా. మిరపకి స్ప్రే చేస్తాం."

"అవును నాన్నా."

"నీళ్ళలో ఎందుకు పోస్తున్నావ్?"

"నాచు పోవడానికి."

కాసేపు లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. "మా చేలో ఎరువేస్తే కలుపు పెరుగుద్ది. నీ దగ్గర ఎరువెయ్యకపోతే పెరుగుద్దా?" అని, జవాబు కోసం ఆగకుండా, "ఎకరానికి ఎంత డోసు?" అన్నారు. మూడొందల లీటర్ల లోపు నీళ్ళు నాన్నా అంటే ఆయన లెక్క ఆపేసి, మీ అమ్మకి ఫోన్ ఇవ్వమన్నారు. తర్వాత వాళ్ళిద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

మందులో ఇంకో రెండు భాగాలున్నాయి. ఒకటి యూవీ లైటు. ఆస్ట్రియోప్సిస్ రాత్రిళ్ళు ఇసుక వదిలి నీళ్ళలోకి లేస్తుంది, ఆ నీళ్ళని యూవీ గొట్టంలోంచి పంపిస్తే చస్తుంది. (ఇసుకలోనే పాతుకుని ఉండే రకమైతే యూవీ కొనడం దండగ. అందుకే మైక్రోస్కోపులో చూడకుండా ఏదీ కొనకండి, షాపువాడు ఎలాగూ కొనమనే చెప్తాడు.) రెండోది బ్లాకవుట్. మూడు పగళ్ళు, మూడు రాత్రులు ట్యాంకు మీద చిన్న వెలుతురు కూడా పడకూడదు. గురువారం రాత్రి చెత్త వేసే నల్ల కవర్లు చుట్టి, టేప్ వేసి, పైన రెండు దుప్పట్లు కప్పాను. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి తియ్యాలి.

ఆదివారం పొద్దున్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం.

తేదీ అమ్మ ఎప్పుడో ఖాయం చేసింది, నలభై మందిని పిలిచింది. పీట వెయ్యాల్సింది ఈశాన్యం మూల. ట్యాంకు ఉన్నది ఈశాన్యం మూల. అరటి పిలకలు, మామిడాకులు, బంతిపూల దండలు, స్వామివారి పటం, ఆ పక్కనే పొడుగ్గా దుప్పట్లు కప్పుకుని పడుకున్న ఒక ఆకారం. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పుతూనే గొంతు తగ్గించేశారు. ఒకావిడ మా ఆవిణ్ణి వంటింట్లోకి తీసుకెళ్ళి, మైలేమన్నా ఉందా అమ్మా, ఉంటే మేం అక్షింతలు తీసుకోకూడదు అని అడిగారట.

పంతులుగారు వారమంతా ఐటీ కంపెనీలో పని, శనాదివారాలు పురోహితం. పంచె సర్దుకుంటూ కూర్చుని, దుప్పట్ల వైపు చూశారు.

"ఇదేమిటండీ?"

"చేపలండీ."

"ఉన్నాయా?"

"ఉన్నాయండీ. చీకట్లో ఉన్నాయి."

"ఈశాన్యాన జలం ఉండటం మహా శ్రేష్ఠం. కానీ దానికి ముసుగు వెయ్యకూడదు నాయనా."

"నేను చెప్తే విన్నాడా పంతులుగారూ" అంది అమ్మ. ఆ ముసుగు టేప్ అంటించడానికి కత్తెర అందించింది ఆవిడే.

విప్పితే మూడు రోజుల తపస్సూ గంగలో కలుస్తుంది. నాకు వచ్చిన ఒకే ఒక భాషలో చెప్పాను: "షెడ్యూల్డ్ మెయింటెనెన్స్ అండీ. రాత్రి ఎనిమిదికి అయిపోతుంది."

ఆయన మొహం విచ్చుకుంది. "ఓ, అదా. మరి చెప్పరేం? కలశంలో నీళ్ళున్నాయిగా, ఈ పూటకి అది బ్యాకప్. కానివ్వండి." ఆచమనం మొదలైంది.

కానీ వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? వరసగా ఒక్కొక్కరూ అడగడం, నేను "లోపలేం లేదండీ, నాచు" అనడం. నలుగురైదుగురికి అలాగే చెప్పాను. ఇంతలో కథ నాలుగో అధ్యాయానికి వచ్చింది, షావుకారు పడవలో ధనం పెట్టుకుని, ఏముందయ్యా అని అడిగిన సన్యాసికి ఆకులూ అలములూ అని చెప్తే నిజంగానే ఆకులూ అలములూ అయిపోతాయే, అక్కడికి. అమ్మ తల తిప్పి నావైపు చూసింది. మా ఆవిడ చూసింది. నాచు అని విన్న నలుగురూ చూశారు. పగడాలకి పెట్టిన డబ్బు గుర్తొచ్చి నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది, కళ్ళు మూసుకుని గట్టిగా దణ్ణం పెట్టుకున్నాను. భక్తి బాగా కుదిరిందని తర్వాత అందరూ మెచ్చుకున్నారు.

భోజనాలయ్యాక, పెద్దవాళ్ళు ఇళ్ళ రేట్ల గురించి మాట్లాడుకుంటుండగా, పిల్లలు దుప్పటి కొస ఎత్తి ఫోన్ టార్చి వేశారు. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. ఆకలేస్తోంది పాపం అనుకుని ఒక బుడ్డోడు తన చేతిలో ఉన్న ప్రసాదం కప్పు, మూత సందులోంచి మొత్తం బోర్లించాడు. గోధుమనూక, పంచదార, పాలు, జీడిపప్పు, అమ్మ చేతి నెయ్యి.

నాకు తెలిసింది చప్పుడు మారడం వల్ల. స్కిమ్మర్ అని ఒక పరికరం ఉంటుంది, నీళ్ళలోకి సన్న బుడగలు కొట్టి నురుగుతో పాటు మలినాన్ని పైకి లాగుతుంది. కొవ్వు తగిలిందంటే నురుగు చచ్చిపోతుంది. బుసబుసమంటూ ఉండేది ఉన్నట్టుండి నోరు మూసుకుంది. కవర్ విప్పి చూస్తే నీళ్ళ మీద నెయ్యి తెట్టు, ఇసుక మీద నూక, మధ్యలో ఒక జీడిపప్పుని ఆడ క్లౌన్ చేప ముక్కుతో తోసుకుంటూ తన మూలకి తీసుకెళ్తోంది. జీడిపప్పులూ కిస్మిస్‌లూ పట్టకారుతో ఏరాను. నూక రాళ్ళ సందుల్లోకి దిగిపోయింది, దాన్ని ఎవడూ తియ్యలేడు. బుడ్డోడి తల్లి "సారీ అన్నయ్యా" అంటూ ఉంటే, పర్లేదమ్మా అన్నాను, ప్రసాదం కదా, ఇంకేమంటాను.

మర్నాటికి నీళ్ళు మజ్జిగ తేటలా అయ్యాయి. ఫాస్ఫేట్ చూస్తే 0.2. సిరంజితో చుక్కలు లెక్కపెట్టి పోసినా కదలని మీటరు అది. నాకు ఏడుపొచ్చింది, మిత్రుడు మాత్రం ఫోన్లో ఈల వేశాడు.

ఆ తర్వాత దారాలు రాలేదు. మూడింటికి చూస్తే లేవు, అయిదింటికి లేవు, మర్నాడూ లేవు. ఎవరివల్ల అన్నదే ఇప్పుడు మా ఇంట్లో తగాదా. అమ్మ స్వామి మహిమ అంటుంది. మిత్రుడు బ్లాకవుట్ అంటాడు. నాన్న 13-0-45 అంటారు, ఆయన ఒప్పుకోని వైద్యమే అయినా మందు మాత్రం ఆయనదే. బుడ్డోడు తన ప్రసాదం అని బళ్ళో చెప్పుకుంటున్నాడట. నన్నడిగితే రాత్రీపగలూ నడిచిన యూవీ అంటాను, కానీ నన్నెవరూ అడగట్లేదు.

అంతటితో అయిపోలేదు. ప్రసాదం ప్రభావం ఎక్కువై ఇసుక మీద కుంకుమరంగు పొర వచ్చింది, చెంచాతో లేపితే మీగడలా లేస్తుంది. ఇది సయనోబ్యాక్టీరియా, నాచు కూడా కాదు. దాదాపు 240 కోట్ల ఏళ్ళ కిందట భూమి మీద గాలిలో ఆక్సిజన్ నిలవడం మొదలైందంటే వీటి పూర్వీకుల చలవే. అందుకే ఆ పొర కింద అన్ని బుడగలు. మావాడికి ఇది చెప్పి తప్పుచేశాను, "మనకి గాలి ఇచ్చినవాటిని తీసేస్తావా?" అని అడ్డంగా నిలబడ్డాడు. సన్న గొట్టంతో లాగి బకెట్లో పోశాను, పంపు వేగం పెంచాను, మేత తగ్గించాను. బకెట్ నీళ్ళు అమ్మ కరివేపాకు మొక్కకి పొయ్యబోతుంటే మా ఆవిడ పరుగెత్తుకొచ్చి ఆపింది. అమెరికాలో చేపలు పోతే కొనుక్కోవచ్చు, కరివేపాకు మొక్క పోతే మళ్ళీ మొదట్నుంచీ రావాలి.

నిన్న పంపు మీద ఆకుపచ్చగా, వేలెడు పొడుగున, వెంట్రుకల్లాంటి నాచు కనిపించింది. మామూలు నాచు! ఫోటో తీసి మిత్రుడికి పంపాను. "కంగ్రాట్స్ బ్రదర్!!" అని రెండు లడ్డూ బొమ్మలతో రిప్లై వచ్చింది. మా ఆవిడ అది నా భుజం మీదుగా చదివి, ట్యాంకు వైపు చూసి, మళ్ళీ ఫోన్ చూసి, "టేబుల్ వెనక్కి జరపొచ్చా, వద్దా? అది చెప్పండి చాలు" అంది.