‘ఫోన్ లాక్కోండి, అదే సర్దుకుంటుంది’ అన్న ఫార్వర్డ్‌కి జవాబు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు తెలుగువాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘సైబర్ బుల్లీయింగ్ అంటూ హడావుడి చేసే తల్లిదండ్రులకు’ అని మొదలవుతుంది. సైబర్ బుల్లీయింగ్ అంటే ఫోన్లో, ఆన్‌లైన్‌లో పదే పదే ఏడిపించడం. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: మన చిన్నప్పుడూ వెక్కిరింపులున్నాయి, ఎవరికీ ఏమీ కాలేదు. నాలుగు రోజులు ఫోన్ లాక్కుంటే అంతా సర్దుకుంటుంది. ఇదంతా ఆడపిల్లల ఫొటోల గొడవ, మగపిల్లలకు భయం లేదు. స్కూల్ బయట జరిగేదానికి స్కూల్‌ని అడగకూడదు. సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ కొట్టేశాక దీనికి చట్టమే లేదు. చివర్లో ‘దెబ్బలు తింటేనే రాటుదేలతారు’ అని ఒక సూక్తి, పక్కన రెండు దండం ఎమోజీలు.

నేను కుందలహళ్ళిలో ఇంటి దగ్గర హైస్కూల్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. ఆ పిల్లల అమ్మానాన్నలే దీన్ని నాకు పంపి ‘మేడం, కరెక్టే కదా’ అంటున్నారు. కరెక్టు కాదు. ఎందుకు కాదో వరసగా చెబుతాను.

‘మన చిన్నప్పుడూ ఉన్నాయి.’

ఉన్నాయి. కళ్ళద్దాలవాణ్ణి సోడాబుడ్డి అన్నాం, లావుగా ఉన్న పిల్లకి ఏదో పేరు పెట్టాం. అప్పుడు కూడా ఏడ్చినవాళ్ళు ఏడ్చారు, మనం పట్టించుకోలేదంతే. అయితే సాయంత్రం గంట కొట్టాక ఆ పేరు బళ్ళోనే ఉండిపోయేది. ఇంటికొస్తే నాన్నమ్మ ‘బంగారం’ అనే పిలిచేది.

నా దగ్గర తొమ్మిదో క్లాసు అబ్బాయి ఒకడుండేవాడు. నాన్న ఉద్యోగం మారి నెల్లూరు నుంచి వచ్చారు. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక లెక్క డౌట్ అడుగుతూ వాయిస్ నోట్ పెట్టాడు. ‘ట్రయాంగిల్ యల్ యమ్ యన్’ అన్నాడు, మన ఊళ్ళలో అందరం అన్నట్టే. ఎవరో ఆ ముక్క కత్తిరించి, కింద బీట్ వేసి రీల్ చేశారు. మర్నాడు స్కూల్ బస్సులో అదే అతని పేరైపోయింది. తర్వాత ఒక స్టిక్కర్ వచ్చింది: బస్సు కిటికీకి తల ఆనించి నోరు తెరిచి నిద్రపోతున్న ఫొటో, దాని మీద అవే మూడక్షరాలు. గ్రూపులో ఎవరు ఏం రాసినా ఆ స్టిక్కరే జవాబు. అపార్ట్‌మెంట్ పిల్లల క్రికెట్ గ్రూపులోకి కూడా వచ్చేసింది. నా ముందు కూర్చుని లెక్క చదవమంటే, పెన్సిల్ మొనని బొమ్మలో ఆ మూలల మీద ఆనించి చూపించేవాడు గానీ అక్షరాలు పలికేవాడు కాదు. నత్తి ఏమైనా ఉందేమో అనుకున్నాను. అసలు సంగతి ఇంకో పిల్ల చెబితే తెలిసింది.

బుల్లీయింగ్ మీద 1970ల నుంచి స్వీడన్, నార్వేల్లో పరిశోధన చేసిన డాన్ ఓల్వియస్ దీనికి మూడు గుర్తులు పెట్టాడు. కావాలని చేయడం, పదే పదే చేయడం, ఎదుటివాళ్ళు తిప్పికొట్టలేని స్థితిలో ఉండటం. ఫోన్ వచ్చాక రెండోదీ మూడోదీ బాగా సులువైపోయాయి. రీల్ చేసినవాడు ఒక్కసారే చేశాడు. తర్వాత పదే పదే చేసే పని మిగతా క్లాసంతా చూసుకుంది, అందులో అతనంటే కోపమున్నవాళ్ళు ఎందరో నాకు అనుమానమే. ఇక బలానికి కండలు అక్కర్లేదు, ఒక ఫేక్ ఐడీ చాలు. చేసిందెవరో తెలియనప్పుడు క్లాసులో పక్క బెంచీ స్నేహితుడితో సహా అందరి మీదా అనుమానమే. మన చిన్నప్పుడు తిట్టినవాడి మొహమైనా కనిపించేది.

‘ఫోన్ లాక్కుంటే సర్దుకుంటుంది.’

మెసేజ్ మొత్తంలో ఎక్కువ చెరుపు చేసే మాట ఇది. మంచి సలహాలా వినిపిస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ.

పిల్లలు ఇంట్లో ఎందుకు చెప్పరో వాళ్ళనే అడిగి చూడండి. చెబితే ఫోన్ పోతుందని. చాలా దేశాల్లో పరిశోధకులకు పిల్లలు చెప్పిన జవాబు కూడా ఇదే. వాడికి హోమ్‌వర్క్ వచ్చేది అందులో, బస్సు ఆలస్యమైతే తెలిసేది అందులో, కొత్త ఊళ్ళో ఉన్న ఒకరిద్దరు స్నేహితులూ అందులోనే. దెబ్బ తగిలినవాడి ఫోన్ లాక్కుని కొట్టినవాడి ఫోన్ వాడి దగ్గరే ఉంచితే, శిక్ష పడింది ఎవరికి? రీల్ ఆగదు. అతను లేని గ్రూపులో అతని గురించే నవ్వుకుంటారు, మర్నాడు క్లాసులోకి అడుగుపెట్టాక ఎందుకు నవ్వుతున్నారో కూడా అతనికి తెలియదు. ఇంకోసారి ఏదైనా జరిగితే మీకు చెప్పడు. ఆ ఒక్కసారితో ఆ దారి మూసుకుపోతుంది.

పైగా ఫోన్ చేతికి రాగానే పెద్దవాళ్ళు చేసే మొదటి పని అన్నీ డిలీట్ చేయడం. రెండో పని ‘ముందు నువ్వేమన్నావ్?’ అని అడగడం. రెండూ వద్దు. స్క్రీన్‌షాట్లు తీయండి, తేదీ, సమయం కనబడేలా. యూజర్‌నేమ్ ఎప్పుడైనా మార్చేస్తారు కాబట్టి ఆ పోస్టు లింకు, ప్రొఫైల్ లింకు కూడా విడిగా దాచండి. వాయిస్ నోట్లు, స్టిక్కర్లు అలాగే ఉంచండి.

బ్లాక్ చేయమని అందరూ అంటారు. పిల్లలు చేయరు, దానికి వాళ్ళ కారణం వాళ్ళకుంది. బ్లాక్ చేస్తే అవతలివాడికి తెలిసిపోతుంది, ‘భయపడ్డాడు’ అని దాన్నే స్టోరీ పెడతాడు. ఇన్‌స్టాగ్రామ్ 2019లో తెచ్చిన ‘రిస్ట్రిక్ట్’ ఇందుకే పనికొస్తుంది. రిస్ట్రిక్ట్ చేస్తే మీ పోస్టు కింద వాడి కామెంట్ వాడికి తప్ప వేరేవాళ్ళకు కనబడదు, మీరు ఒప్పుకుంటే తప్ప. మెసేజ్‌లు రిక్వెస్టుల్లోకి పోతాయి, మీరు చూశారో లేదో వాడికి తెలియదు. వాడు మాత్రం ఇంకా అందరికీ వినబడుతోందనే అనుకుంటాడు.

రాత్రి పడుకునేటప్పుడు ఫోన్లన్నీ హాల్లో పెట్టాలనే నియమం మంచిదే. అందులో నాన్నగారి ఫోన్ కూడా ఉండాలి మరి.

‘ఇది ఆడపిల్లల సమస్య.’

ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక చూడండి. 44 దేశాల్లో 11, 13, 15 ఏళ్ళ పిల్లలు దాదాపు 2,79,000 మందిని అడిగారు. సైబర్ బుల్లీయింగ్‌కి గురయ్యామన్న మగపిల్లలు 15 శాతం, ఆడపిల్లలు 16 శాతం. ఆ లెక్కలు మనవి కావు, కానీ నేను చూసే పిల్లల్లోనూ తేడా సంఖ్యలో కాదు, తీరులో. ఆడపిల్లలకు ఫొటోలు, పుకార్లు, పేరు చెప్పకుండా ఎవరేమైనా రాసే కన్ఫెషన్ పేజీలు. మగపిల్లలకు యాస, ఒళ్ళు, రంగు, గేమ్ ఆడుతుంటే హెడ్‌ఫోన్లో బూతులు. మగపిల్లాడు చెప్పుకుంటే ‘ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా’ అనేది ముందు మనమే.

‘స్కూల్‌కి సంబంధం లేదు.’

గ్రూపు క్లాసుది, ఫొటో తీసింది స్కూల్ బస్సులో, నవ్వుతున్నది క్లాస్‌మేట్లు. ఇంకెక్కడి సంబంధం కావాలి? ఆన్‌లైన్‌లో బాధపడేవాళ్ళలో ఎక్కువమంది స్కూల్లో కూడా బాధపడుతున్నవాళ్ళేనని ఓల్వియస్ చివరిదాకా వాదించాడు. బుల్లీయింగ్‌ని ఆపడానికి కమిటీ వేయమని సీబీఎస్‌ఈ 2015లోనే స్కూళ్ళకు చెప్పింది. క్లాస్ టీచర్‌కి ఫోన్ చేసి మాట్లాడి వదిలేయకండి, ప్రిన్సిపాల్‌కి మెయిల్ రాయండి, రాతలో ఉండాలి. పేరెంట్స్ గ్రూపులో మాత్రం పెట్టకండి. అక్కడ పెద్దవాళ్ళు మొదలుపెట్టే యుద్ధం చూస్తే పిల్లలే నయమనిపిస్తుంది.

‘66ఏ కొట్టేశారు, చట్టం లేదు.’

సగం నిజం. ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఏని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. మంచిపనే చేసింది. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్ పోస్టు పెట్టిన అమ్మాయినీ దానికి లైక్ కొట్టిన అమ్మాయినీ అరెస్టు చేసినప్పుడు వాడిన సెక్షన్లలో అదొకటి. ‘చిరాకు కలిగించే’ మెసేజ్ పెట్టినా నేరమే అనే చట్టం అది.

పోయింది ఆ ఒక్కటే. మిగతావి ఉన్నాయి. ఇంకొకరి పాస్‌వర్డ్ వాడుకోవడం, ఇంకొకరిలా నటించి మోసం చేయడం 66సీ, 66డీ కిందికి వస్తాయి, ఒక్కోదానికి మూడేళ్ళ దాకా జైలు. ఒప్పుకోకుండా ఒంటి రహస్య భాగాల ఫొటోలు తీయడం, పంపడం 66ఈ. పిల్లల అశ్లీల చిత్రాలకు, మార్ఫింగ్ చేసినవాటితో సహా, 67బీ ఉంది. మొదటిసారికే ఐదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. లైంగిక ఉద్దేశంతో పిల్లల వెంటపడి మెసేజ్‌లు పెడితే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో వర్తిస్తుంది, దానికి ఆడా మగా తేడా లేదు. పేరు దాచుకుని బెదిరిస్తే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 351 ఉంది.

బెంగళూరులో ఇలాంటి కేసులకు డివిజన్ల వారీగా సెన్ (సైబర్, ఆర్థిక, మత్తుమందుల నేరాల) పోలీస్ స్టేషన్లున్నాయి, వైట్‌ఫీల్డ్‌లోనూ ఒకటుంది. చేసినవాడు విజయవాడలో ఉన్నా ఇక్కడే ఫిర్యాదు ఇవ్వొచ్చు. కన్నడం రాదని ఆగిపోకండి, ఇంగ్లీషులో రాసివ్వండి. 1930 నంబరు ముఖ్యంగా డబ్బు మోసాల కోసం, దీనికి జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగం వేరే ఉంది. అసభ్యంగా మార్ఫింగ్ చేసిన ఫొటో అయితే పోలీసులకంటే ముందు ఆ కంపెనీకే ఫిర్యాదు పెట్టండి. తీసేయడానికి 2021 ఐటీ నిబంధనలు మొదట 24 గంటల గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో దాన్ని రెండు గంటలకు తగ్గించారు.

‘పరువు పోతుంది’ అనే భయానికి కూడా చట్టంలో జవాబుంది. బాధపడిన పిల్లల పేరు గానీ, తప్పు చేసిన పిల్లల పేరు గానీ బయటపెట్టడమే జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరం. చేసినవాడికి 18 నిండకపోతే ఇలాంటి కేసు వెళ్ళేది జువెనైల్ జస్టిస్ బోర్డుకి, అక్కడ కౌన్సెలింగ్, మందలింపు లాంటివి ఉంటాయి. ఎవరి పిల్లాడి జీవితమూ నాశనం కాదు.

ప్రతి గొడవకీ పోలీసుల దగ్గరికి పరిగెత్తొద్దని మెసేజ్‌లో ఒక లైనుంది. దానితో నాకు పేచీ లేదు. నేను చెప్పిన అబ్బాయి విషయంలో పోలీసులు అక్కర్లేకపోయింది. వాళ్ళమ్మ రాసిన మెయిల్ చూసి ప్రిన్సిపాల్ ఆ గ్రూపు అడ్మిన్లను, వాళ్ళ తల్లిదండ్రులను పిలిపించారు, రీల్ పోయింది. స్టిక్కర్ మాత్రం ఎవరి ఫోన్లో ఉండిపోయిందో ఎవరు చెప్పగలరు.

‘దెబ్బలు తింటేనే రాటుదేలతారు.’

30 దేశాల్లో లక్షన్నర మందికి పైగా పిల్లలు, యువత మీద జరిగిన అధ్యయనాలను బ్రిటన్ పరిశోధకులు కలిపి చూసి 2018లో ప్రచురించారు. సైబర్ బుల్లీయింగ్‌కి గురైనవాళ్ళు తమను తాము గాయపరచుకోవడం గానీ ఆత్మహత్యకు ప్రయత్నించడం గానీ చేసే అవకాశం మిగతావాళ్ళకంటే రెట్టింపు పైనే కనిపించింది. బుల్లీ చేసేవాళ్ళలో కూడా ఆత్మహత్య ఆలోచనలు కాస్త ఎక్కువే. ప్రతి మీమూ ప్రాణం తీస్తుందని కాదు, ముందే దిగులుగా ఉన్న పిల్లలే ఎక్కువగా దొరికిపోతారన్నది కూడా నిజమే. కానీ రాటుదేలడం మాత్రం ఆ లెక్కల్లో ఎక్కడా లేదు. ఇళ్ళలో కనబడేది ఇంతకంటే చిన్నగా మొదలవుతుంది. సోమవారం పొద్దున కడుపునొప్పి, బస్సు వద్దని మారాం, ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, ఇష్టమైన ఆట ఉన్నట్టుండి మానేయడం.

ఇవి రెండు వారాలైనా తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి ఫోన్ చేయండి. నంబరు 14416, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. దాన్ని నడిపించే పెద్ద కేంద్రం మన హోసూర్ రోడ్డులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్సే. ఫోన్‌కి, ఆటలకి అతుక్కుపోయిన పిల్లల కోసం నిమ్‌హాన్స్‌కి 2014 నుంచి షట్ క్లినిక్ అని విడిగా ఒకటుంది. చనిపోతానని పిల్లలు ఒక్కసారి అన్నా రెండు వారాలు ఆగకండి, ఆ రోజే ఫోన్ చేయండి, వాళ్ళను ఒంటరిగా వదలకండి. ‘ఊరికే అంటున్నాడులే’ అనుకోవద్దు. పిల్లలు మాట్లాడనంటే టెలి మానస్‌తో ముందు మీరే మాట్లాడొచ్చు.