ఆత్మకూరులో ఆత్మాన్వేషణ

ఆత్మ ఎక్కడుందో తెలుసుకోవాలంటే హిమాలయాలకు పోవాలని ఒకప్పుడు అనుకునేవారు. దారి ఖర్చులు దండగ. ముప్పై ఎనిమిదేళ్ల ట్రాక్టరు ఒకటి ఇంటి ముందు నిలబెట్టుకుంటే చాలు. ఆత్మ ఎక్కడ దొరుకుతుంది, ఎంతకిస్తారు, ఒరిజినలా డూప్లికేటా అనే విచారణ దానంతటదే మొదలవుతుంది.

ట్రాక్టరుకు ఆత్మేమిటని అడిగేవాళ్లకు ఒక మాట. పుస్తకాల్లో స్టార్టర్ మోటారని రాస్తారు గానీ మా వైపు దాన్ని సెల్ఫ్ అంటాం, అంటే తెలుగులో ఆత్మే. తాళం తిప్పగానే బ్యాటరీ నుంచి వందల ఆంపియర్ల కరెంటు లాగి, చిన్న పళ్లచక్రాన్ని ముందుకు నెట్టి, ఇంజను వెనక ఫ్లైవీల్ అనే బరువు చక్రం చుట్టూ ఉండే పళ్ల రింగును పట్టుకుని తిప్పి ఇంజనుకు ప్రాణం పోసేది అదే. ఇంజను అందుకోగానే తాను వెనక్కి తప్పుకుంటుంది. పని కాగానే పక్కకు తప్పుకునే గుణం ఉన్నవాళ్లు మన జిల్లాలో ఇంకెవరైనా ఉంటే దయచేసి చెప్పండి, వెళ్లి దండం పెట్టుకుంటాను.

మా ఊరు నెల్లూరు జిల్లా ఆత్మకూరు పక్కనే. పేరులోనే ఆత్మ పెట్టుకున్న ఊరి దాపున ఉంటూ మూడు వారాలు సెల్ఫ్ లేకుండా బతికిన కుటుంబం మాది.

మా బండి ఏ కంపెనీదో చెప్పను. ఈ వయసులో దాని పరువు తీయడం నాకిష్టం లేదు. ఆ మోడలు రావడం ఆగిపోయి చాలా ఏళ్లయిందని మాత్రం చెప్పగలను. ఇట్లాంటి అనాథలు దేశంలో ఇంకా ఉన్నాయి. హర్యానాలోని పింజోరులో హెచ్‌ఎంటీ వాళ్లు 1971లో పాతిక హార్స్‌పవర్ జెటార్ బండితో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టారు. 2016లో ఆ విభాగాన్ని మూసెయ్యడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. కర్మాగారం మూతపడింది, బళ్లు మాత్రం ఆ సంగతి తెలియక ఇంకా దున్నుతూనే ఉన్నాయి.

సెల్ఫ్‌కు జబ్బు చేసే కాలం కూడా నియమంగా ఉంటుంది. వేసవిలో బండి ఖాళీగా ఉన్నప్పుడు రాదు. మాకు పెద్దపంట ఈశాన్య రుతుపవనాలతో కదా. అక్టోబరులో మబ్బు పట్టింది, సోమశిల కాలువకు నీళ్లొదిలారు, బురదలో నడవడానికి ఇనుప కేజీ చక్రాలు బిగించి దమ్ముకు బయల్దేరదామని తాళం తిప్పాను. టక్. మళ్లీ తిప్పాను. టక్. 78 టీఎంసీల నీళ్లు పట్టే జలాశయం తలుపులు ఎత్తించగలిగిన నాగరికత, ఒక బండెడు ఇనుమును నిద్ర లేపలేక గట్టు మీద నిలబడిపోయింది.

అప్పుడు మా ఊళ్లో స్వయం సహాయక సంఘం ఒకటి వెలిసింది. సెల్ఫ్ హెల్ప్ గ్రూపు అంటే సెల్ఫ్‌కు హెల్ప్ చేసే గ్రూపు అని దాని అర్థం నాకు ఆ రోజు బోధపడింది. సభ్యులు ఆరుగురు. పొద్దున్నే వచ్చి చెరువుకట్ట మీద పల్లానికి నెట్టాలి, నేను రెండో గేరులో క్లచ్చి వదలాలి, బండి దగ్గి తుమ్మి లేవాలి. ప్రతిఫలం తలా ఒక టీ, రెండు మిరపకాయ బజ్జీలు. దేశానికి ఆత్మనిర్భరత కావాలని 2020 నుంచి వింటున్నాం. ఆత్మ లేనివాడు ఎవరి మీద నిర్భరంగా ఉంటాడో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆరుగురి మీద. బజ్జీలతో కలిపి.

చిక్కెక్కడంటే, దమ్ములో బండి ఆగిపోతే బురదలో నెట్టేవాడు లేడు. అందుకని పొద్దున లేచిన ఇంజను పొద్దు గుంకేదాకా ఆపలేదు. నేను చింతచెట్టు కింద అన్నం తింటుంటే అది గట్టు మీద ఊరికే డుగుడుగుమంటూ డీజిలు తాగుతూ ఉండేది. నా భోజనం కంటే దాని భోజనానికే ఎక్కువ అయ్యింది.

ఈ మూడు వారాల్లో సలహా ఇవ్వనివాళ్లు ఊళ్లో ఇద్దరే. ఒకరికి మాట పడిపోయింది, ఇంకొకరు బెంగుళూరులో ఉన్నారు. ఒక పెద్దమనిషి స్క్రూడ్రైవరు తెచ్చి సెల్ఫ్ మీదుండే రెండు బోల్టులనూ కలిపి చూపించాడు. నిప్పురవ్వలు లేచాయి, బండి కూడా లేచింది. ఆయన మొహంలో సృష్టికర్తకుండే తృప్తి. వ్యంగ్యం పక్కన పెట్టి ఒక్క మాట: గేరులో ఉండగా నేల మీద నిలబడి ఆ పని చేస్తే బండి అందుకుని మన మీదికే నడుస్తుంది. అట్లా ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఆయన్ను టీ ఇచ్చి పంపేశాను, స్క్రూడ్రైవరు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.

సరే, కొత్తది కొందామని ముందు షోరూముకే వెళ్లాను. కంప్యూటరులో మా మోడలు లేదు. ఆ కుర్రాడు చాలా మర్యాదస్తుడు, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, కొత్త ట్రాక్టరు కొటేషన్ చేతిలో పెట్టాడు. చెప్పు తెగిందని వెళితే కొత్త కాళ్లు చూపించినట్టు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు దిగిందని కూడా ఆనందంగా చెప్పాడు. నేనూ ఆనందించాను. కొనేవాళ్లందరి తరఫునా.

ప్రభుత్వం మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు డ్రోన్ ఖరీదులో 80 శాతం, 8 లక్షలకు మించకుండా ఇస్తోంది. మంచి పనే. ఎగిరేదానికి సాయముంది. నిలబడిపోయినదానికి ఏమైనా ఉందా అని అడిగితే వ్యవసాయం ఆఫీసులో నన్ను జాలిగా చూశారు.

ఇక మిగిలింది నెల్లూరు ఆటోనగర్.

ఆత్మకు చావు లేదనీ, ఒక శరీరం వదిలి ఇంకో శరీరంలో దూరుతుందనీ మన పెద్దలు చెప్పింది కళ్లారా చూడాలంటే అక్కడికే వెళ్లాలి. ఒక లారీ తుక్కుకు పోతుంది. దాని సెల్ఫ్ పోదు. కిరసనాయిలు స్నానం చేసి, నల్లరంగు పూసుకుని, రీకండిషన్ అనే కొత్త పేరుతో ఏదో ఒక ట్రాక్టరు గర్భంలో మళ్లీ పుడుతుంది. ఎన్ని జన్మలెత్తిందో రంగు పొరలు గీకి లెక్కపెట్టొచ్చు. నేను ఒకదానికి నాలుగు దాకా లెక్కపెట్టాను, కొట్టాయన చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"పళ్లెన్ని అన్నా దీనికి?" అని అడిగాను.

"నీకెన్ని కావాల?" అన్నాడాయన.

ఆ సమాధానం మీద ఒక రోజంతా ఆలోచించొచ్చు. నిజానికి సెల్ఫ్ సంబంధం పెళ్లి సంబంధం కంటే కష్టం. పినియన్, అంటే సెల్ఫ్ ముందుకు నెట్టే ఆ చిన్న చక్రం, దాని పళ్లు మన రింగుకు కుదరాలి. అవి కుదిరితే బిగించే బోల్టు రంధ్రాలు కుదరవు. ఒకచోట రెండుంటాయి, ఒకచోట మూడు. అవీ కుదిరాయనుకోండి, మోటారు తిరిగే దిక్కు వేరుగా ఉంటుంది. గోత్రం అడగకుండా చేసుకున్న పెళ్లి కనీసం గొడవ పడుతూనైనా సాగుతుంది. తప్పు దిక్కున తిరిగే సెల్ఫ్ రింగు పళ్లు నూరి పెడుతుంది.

పెళ్లిచూపుల్లో పిల్లను పాట పాడమన్నట్టు, ఇక్కడా ఒక పరీక్ష ఉంది. కొట్టాయన సెల్ఫ్‌ను నేలమీద పెట్టి, చెప్పుకాలితో తొక్కిపట్టి, బ్యాటరీ వైర్లు తగిలించాడు. గిర్రుమంది. "సూడు, ఎట్టా తిరగతాండాదో!" అన్నాడు. తిరగక ఏం చేస్తుంది? మోసే బరువు లేనప్పుడు ఎవరైనా గిర్రునే తిరుగుతారు. ఎన్నికల ముందు ఊరూరా చూడటం లేదా. డీజిలు ఇంజనులో గాలిని పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో అణగదొక్కాలి. ఆ బరువు మీద పడ్డప్పుడు కదా సెల్ఫ్ సంగతి తెలిసేది. ఈ మాటే అంటే, "నువ్వు సదువుకున్నోడివి సామీ, కొనవు" అని తేల్చేశాడు.

ధర విషయం. కొత్తది బిల్లుతో అయితే 6,500, బిల్లు లేకుండా 5,500. బిల్లే లేని సరుకు మీద కేంద్రం జీఎస్టీ ఎంత తగ్గించినా ఎంత పెంచినా దాని మనశ్శాంతికి భంగం రాదు. రీకండిషన్‌ది 3,200. గేరు రిడక్షన్ రకం ఒకటి చూపించారు. చిన్నది, తేలిక, బ్యాటరీని తక్కువ పీకుతుంది. నిజంగానే మంచి వస్తువు, 11,000. నేను లోపల బేరమాడుతుండగా బయట చినుకులు మొదలయ్యాయి. 5,500 కాస్తా 6,000 అయింది. సెల్ఫ్ ధరను నిర్ణయించేది రాగి ఖరీదో ఇనుము ఖరీదో అనుకున్నాను ఇన్నాళ్లూ. వాతావరణ శాఖ.

గ్యారంటీ అడిగాను. "ఈ గేటు దాటేదాకా" అన్నాడు. నిజాయితీ గల మనిషి.

తిరిగొచ్చేటప్పుడు స్వర్ణాల చెరువు గట్టు మీద కాసేపు నిలబడ్డాను. మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, విదేశీ రొట్టె అని పట్టుకుంటారు కదా. ఈసారి సెల్ఫ్ రొట్టె కూడా ఎవరైనా తెస్తారేమో చూడాలి. కోరిక తీరినవాళ్లే ఆ రొట్టె వదలాలి కాబట్టి, అట్లాంటి మనిషి దొరకడమే కష్టం.

చివరికి ఆత్మకూరులోనే, బస్టాండు వెనక సందులో, సైన్‌బోర్డు లేని రేకుల షెడ్డులో ఒక భాయ్ దొరికాడు. డెబ్బై ఏళ్లుంటాయి. పాత సెల్ఫ్‌ను గోతంలో వేసుకుని వెళితే, దాని మొహం చూడకుండా నా మొహం చూసి అడిగాడు.

"తాళం తిప్పినప్పుడు హెడ్‌లైటు వేసి చూసినావా అబ్బయా? ఆరిపోతాందా, వెలగతానే ఉందా?"

ఇంతమంది మేధావుల్లో ఎవరూ అడగని ప్రశ్న. లైటు చచ్చిపోతే తప్పు బ్యాటరీదో, పాచిపట్టిన ఎర్తు వైరుదో. లైటు వెలుగుతూనే ఉండి టక్‌మని ఊరుకుంటే జబ్బు సెల్ఫ్ లోపల. మాది రెండోది. విప్పాడు. లోపలికి కరెంటు అందించే కార్బన్లు నాలుగూ అరిగి చింతగింజలంతయ్యాయి. ఇరుసును పట్టుకునే బుష్షులు అరిగి, ఆర్మేచర్ అనే తిరిగే భాగం లోపల రాసుకుంటోంది. సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చి, అదే సొలినాయిడ్‌లో రాగి ముక్కలు కాలి గుంటలు పడ్డాయి. వాటిని కొత్తవి వెయ్యలేదు, తిరగేసి కాలని వైపు ముందుకు పెట్టాడు. మనిషికి కూడా అట్లా ఇంకో వైపు ఉంటే ఎంత బావుండేది.

"ఇది పోలేదయ్యా. అలిసిపోయింది" అన్నాడు.

మొత్తం 1,850. బిల్లు లేదు. మూడు వారాల టీలు, బజ్జీలు, ఊరికే తగలేసిన డీజిలు కలిపి ఎంతయిందో లెక్క వేద్దామని కాగితం తీసుకున్నాను. మా ఆవిడ ఆ కాగితం లాక్కుంది.

మర్నాడు తెల్లారి తాళం తిప్పితే ఒక్క దెబ్బకు అందుకుంది. సంఘం సభ్యులు ఆరుగురూ అలవాటు ప్రకారం వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. బండి ఎవరూ తోయకుండానే లేచేసరికి వాళ్ల మొహాలు చిన్నబోయాయి.

"అయితే టీ?" అన్నాడు అందరిలోకి చిన్నోడు.

తెప్పించాను. సాయంత్రం పని ముగించుకుని బండి ఆపి, ఇంటిదాకా నడిచొచ్చాక గానీ ఎక్కడ ఆపానో గుర్తుకు రాలేదు. చెరువుకట్ట మీద, మూతి పల్లానికి పెట్టి, ముందు చక్రానికి రాయి అడ్డం వేసి.