ట్రైలర్ జాకులకి మోటార్లు పెట్టించింది బద్ధకం కాదు

"నాలుగు జాకులు తిప్పుకోవడానికి కూడా మోటార్లా? మరీ ఇంత బద్ధకమా?" ఈ మాట నేను కనీసం పదిసార్లు విన్నాను. అన్నవాళ్ళలో ఒక్కరికీ మణికట్టు నొప్పి లేదు, నడుముకి ఆపరేషన్ కాలేదు. అందుకే ఇవాళ కూర్చుని మొత్తం రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ట్రావెల్ ట్రైలర్ అంటే బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. ఎక్కడైనా ఆపి బండి విప్పేశాక, దాని బరువు చక్రాల మీద, ముందువైపు జాక్ మీద ఉంటుంది. లోపల ఒక మనిషి అటు నుంచి ఇటు నడిస్తే చాలు, స్ప్రింగుల మీద పడవలా ఊగుతుంది. ఆ ఊపు తగ్గించడానికి నాలుగు మూలలా స్టెబిలైజర్ జాకులు ఉంటాయి. మావి సిజర్ జాకులు. కారు టైరు మార్చేటప్పుడు వాడే జాక్ లాంటివే, కాకపోతే ఫ్రేమ్ కింద శాశ్వతంగా బిగించి ఉంటాయి. మధ్యలో పొడుగాటి మర ఉంటుంది, దాని చివరి బోల్ట్ తలకి హ్యాండిల్ తగిలించి తిప్పాలి.

మా ఆయనకి రెండేళ్ళ కిందట నడుము ఆపరేషన్ అయింది. వంగి లేచే పనులు వద్దన్నారు డాక్టరు. అప్పటి నుంచి జాకులు నా వంతు. ఒక్కో మూలకీ మోకాళ్ళ మీద కూర్చోవాలి, ట్రైలర్ కిందికి తల వంచి ఆ బోల్ట్ ఎక్కడుందో చూసుకోవాలి, హ్యాండిల్ జారితే వేళ్ళ కణుపులు చెక్కుకుపోతాయి. దించేటప్పుడు ఒకసారి, బయల్దేరేటప్పుడు ఇంకోసారి. వాన పడుతుంటే ఇదే పని బురదలో. మూడో ట్రిప్పుకే నా కుడి మణికట్టు వాచింది.

డ్రిల్ వాడొచ్చు కదా అంటారు. ఒక సీజన్ అంతా వాడాను. ముప్పావు అంగుళం సాకెట్ పెట్టి కార్డ్‌లెస్ డ్రిల్‌తో తిప్పితే పని నిజంగానే త్వరగా అయిపోతుంది, క్లచ్ (ఇంత బిగువుకి చేరగానే తిప్పడం ఆపేసే అమరిక) సరిగ్గా పెట్టుకుంటే నాలుగు మూలలా ఒకేలా బిగుస్తుంది కూడా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఇప్పటికీ అదే చెప్తాను, చాలు. కానీ జాక్ పాదం గట్టి నేలని తాకిన క్షణంలో డ్రిల్ చేతిలో ఒక్కసారిగా మెలి తిరుగుతుంది. ఆ దెబ్బ తగిలేది మణికట్టుకే. ఇంపాక్ట్ డ్రైవర్, అంటే లోపల సుత్తిలా కొడుతూ తిప్పేది, అయితే మెలి తిప్పదు గానీ ఆ చప్పుడుకి చుట్టుపక్కల నిద్రపోయేవాళ్ళంతా లేచి కూర్చుంటారు. పైగా మర మీద ఆ సుత్తి దెబ్బలు నాకు నచ్చవు.

సరే, హ్యాండిల్ బదులు ఆ మరని తిప్పే మోటార్ల కిట్ కొన్నాం. ఇప్పుడు నా అసలు కోపం సంగతి. ఈ కిట్లు అమ్మేవాళ్ళు బిగించడం ఎంత తేలికో చెప్తారు. బిగించాక ఏం మారుతుందో చెప్పరు.

మొదటిది వైరు. కిట్‌తో వచ్చిన వైరు సన్నగా ఉంది. బ్యాటరీ ట్రైలర్ ముందు భాగంలో, వెనక జాక్ దాకా వైరు దాదాపు 25 అడుగులు. కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి లెక్కకి 50 అడుగులు. 14 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) రాగి వైరుకి వెయ్యి అడుగులకి సుమారు 2.5 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. మోటారు గట్టిగా లాగేటప్పుడు 20 ఆంప్స్ తీసుకుంటే ఆ 50 అడుగుల్లోనే రెండున్నర వోల్టులు పోతాయి. ఉన్నదే పన్నెండు! ముందు జాకులు చకచకా దిగుతుంటే వెనకవి మూలుగుతూ ఎందుకు దిగుతున్నాయో మల్టీమీటర్ పెట్టి చూసేదాకా నాకు అర్థం కాలేదు. మోటారు దగ్గర పది వోల్టులు కూడా లేవు. వైరు కూడా వేడెక్కింది. 10 గేజ్ వైరు వేస్తే నిరోధం వెయ్యి అడుగులకి ఒక ఓమ్, అదే దూరానికి నష్టం ఒక వోల్ట్. అంతా పీకి మళ్ళీ వేశాను. ఆ వైరుకి తగ్గట్టు 30 ఆంప్స్ బ్రేకర్, అదీ బ్యాటరీ పక్కనే. బ్రేకర్ మోటారుని కాపాడటానికి అనుకుంటారు చాలామంది, అది ముందు కాపాడేది వైరుని. దానంతట అదే రీసెట్ అయ్యేది వద్దు, చేత్తో నొక్కితేనే మళ్ళీ కలిసేది తీసుకోండి. స్విచ్ ఇరుక్కుపోతే మొదటి రకం ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగి, మోటారుని కాల్చేదాకా వదలదు.

బ్యాటరీ అయిపోతుందేమో అని కొందరి టెన్షన్. అది అనవసరం. ఒక్కో జాక్ తిరిగేది అర నిమిషం. మా నాలుగూ దించి ఎత్తడానికి కలిపి ఒక ఆంపియర్-అవర్ (ఒక ఆంప్ కరెంటు గంటసేపు వాడినంత) కూడా కాదు.

రెండోది ఇంకా పెద్దది. మోటార్లు పెట్టిన కొత్తలో ఒక రాత్రి వెనక కుడి మూల ఇంకాస్త గట్టిగా ఉంటే మంచిదని స్విచ్ నొక్కి పట్టుకున్నాను. బిగుస్తోంది అనుకున్నాను. మర్నాడు పొద్దున తలుపు తెరుచుకోలేదు. భుజం పెట్టి నెట్టాల్సి వచ్చింది. బయటికొచ్చి చూస్తే ఆ మూల పైకి లేచి ఉంది, తలుపు ఫ్రేమ్ పైన సందు ఒకవైపు వేలు పట్టేంత, రెండోవైపు కాగితం కూడా దూరదు. జాక్ దించగానే తలుపు మామూలుగా అయింది కాబట్టి బతికిపోయాం. అలాగే రోజుల తరబడి వదిలేసి ఉంటే ఫ్రేమ్ సంగతేమిటి?

స్టెబిలైజర్ జాక్ ఊపు ఆపడానికి, ట్రైలర్‌ని ఎత్తడానికి కాదు. ఈ మాట అందరికీ తెలుసు, నాకూ తెలుసు. చేత్తో తిప్పినన్నాళ్ళూ ఆ తప్పు నేను ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఎందుకంటే పాదం నేలకి ఆనగానే హ్యాండిల్ బరువెక్కేది, ఇంకో అర చుట్టు తిప్పి వదిలేసేదాన్ని. మోటారు పెట్టాక ఆ కబురు నా చేతికి రావడం ఆగిపోయింది. స్విచ్ ఎంత బరువుకైనా ఒకేలా నొక్కుకుంటుంది.

దీనికి దారి ఉంది, ఎవరూ చెప్పరు, అందుకే చెప్తున్నాను. ఈ చిన్న డీసీ మోటార్లకి బరువు ఎంత పెరిగితే కరెంటు అంత పెరుగుతుంది. కాబట్టి స్విచ్ పక్కన ఎంత కరెంటు పోతోందో చూపించే అమ్మీటర్ ఒకటి పెట్టాను. మా మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు 6 ఆంప్స్ దగ్గర ఉంటుంది. పాదం ఆనగానే అంకె కదులుతుంది, 11 దాటగానే వదిలేస్తాను. అంతే. నా చేతికి తెలిసేది ఇప్పుడు కంటికి తెలుస్తోంది.

ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. సిజర్ జాక్ చేతులు, అంటే కత్తెరలా తెరుచుకునే ఇనుప కడ్డీలు, నేలకి దాదాపు సమాంతరంగా పడుకుని ఉన్నప్పుడు మర మీద ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. చేతులు పది డిగ్రీల కోణంలో ఉంటే, ఎత్తే బరువుకి ఐదున్నర రెట్లకి పైగా మర లాగాలి. 45 డిగ్రీలకి వస్తే బరువెంతో లాగుడూ అంతే. అంటే పాదం కింద ఎత్తుగా చెక్క దిమ్మలు పేర్చి జాక్‌ని కొంచెమే తెరిస్తే మోటారుకి నరకం, అంకె కూడా తప్పుదారి పట్టిస్తుంది. దిమ్మలే లేకుండా పూర్తిగా సాగదీస్తే లాగడం తేలికే గానీ పక్కలకి ఊగుతుంది. మధ్యస్థంగా ఆగేలా దిమ్మల ఎత్తు చూసుకోండి.

ఇంకో పద్ధతి మాకు బాగా కుదిరింది. చక్రాలకి అడ్డు పెట్టి, పక్కలు లెవెల్ చేశాక, ముక్కు దగ్గర బరువు మోసే ఆ ఒక్క జాక్‌తో (మూలలవి కాదు) ట్రైలర్ ముక్కుని కాస్త దించుతాం. వెనక భాగం కాస్త లేస్తుంది. అప్పుడు వెనక జాకుల్ని నేలకి తాకేదాకా మాత్రమే దించి, ముక్కుని మళ్ళీ లెవెల్‌కి తెస్తాం. వెనక భాగం తన బరువుతోనే జాకుల మీద ఆనుతుంది. ఆ తర్వాతే ముందు మూలలవి. మోటార్లకి దాదాపు శ్రమే లేదు.

స్విచ్‌లు లోపల మంచం పక్కన పెట్టుకున్నవాళ్ళని చూశాను. దయచేసి వద్దు. ఆ జాక్ కింద ఒక పిల్ల చెయ్యి ఉండొచ్చు, చూడకుండా ఎలా నొక్కుతారు? కనెక్షన్లకి గ్రీజు, హీట్ ష్రింక్ (వేడి చేస్తే వైరుకి అతుక్కుపోయే ప్లాస్టిక్ గొట్టం) తప్పనిసరి. దారిలో చక్రాలు చిమ్మే నీళ్ళన్నీ పడేది వాటి మీదే.

మోటారు పెడితే అసలు వంగక్కర్లేదని కూడా అమ్మేవాళ్ళు అంటారు. దిమ్మలు ఎవరు పెడతారు? పాదాలకే వెడల్పాటి రబ్బరు దిమ్మలు బోల్టులతో బిగించుకున్నాక గానీ నా మోకాళ్ళకి మట్టి అంటడం తగ్గలేదు. వాటితో జాకులు నేలకి మరికాస్త దగ్గరయ్యాయి, గతుకుల్లో నెమ్మదిగా పోతున్నాం.

పోయిన ట్రిప్పులో చీకటి పడ్డాక చేరాం, వాన. మా ఆయన గొడుగు పట్టుకుని స్విచ్‌ల దగ్గర నిలబడ్డారు, నేను టార్చి పట్టుకుని ఒక్కో పాదం దగ్గరికి వెళ్ళాను. "తాకింది" అన్నాను. "తొమ్మిది... పది... పదకొండు, ఆపేశా" అన్నారు. రెండేళ్ళ తర్వాత ఆయన మళ్ళీ జాకులు దించారు.