అది అట్ట టోపీయే, అయినా వాడు నేల మీద ఉండనివ్వలేదు

మా కాలేజీలో ఏటా ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం చేస్తాం. కుమురం భీం ఫొటోకు దండ, ప్రిన్సిపాల్ గారి ప్రసంగం, 'జల్ జంగల్ జమీన్' నినాదాలు, తర్వాత డాన్సులు. మధ్యాహ్నానికి అయిపోతుంది. పదేళ్లుగా ఆ ఏర్పాట్లు చూసేవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈ కోపం ముందు నా మీదే.

పోయినేడు ప్రోగ్రాం కోసం డ్రెస్సుల షాపు నుంచి గోండుల గుస్సాడీ నాట్యంలో పెట్టుకునే టోపీలు అద్దెకు తెచ్చాం. అట్టకు అతికించిన నెమలీకలు, అటూ ఇటూ ప్లాస్టిక్ కొమ్ములు. రిహార్సల్ మధ్యలో ఒకబ్బాయి టోపీ తీసి నేల మీద పెట్టి మంచినీళ్లకు వెళ్లాడు. వెనక కూర్చున్న సెకండియర్ గోండు పిల్లవాడు లేచి వచ్చి, దాన్ని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టాడు. "మా బాపు గుస్సాడీ వేస్తడు మేడం. ఇది కింద పెట్టం. అయినా ఇప్పుడు దండారి కాదు కదా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

దండారి గోండుల పండుగ, దీపావళి రోజుల్లో వస్తుంది. టోపీకి పూజ చేసి గాని తలకెత్తుకోరు. గుస్సాడీ వేసినవాళ్లు ఆ పండుగ ముగిసేదాకా స్నానం చేయరు, దేవుడు వాళ్ల మీద ఉన్నట్టే ఊరు చూస్తుంది. స్టేజీ మీద ఆడకూడదని నేననడం లేదు. మార్లవాయి కనకరాజు గారు గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకెళ్లారు, 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన తెలిసి నేర్పారు. మనం తెలియకుండా అద్దెకు తెచ్చాం.

ఇక స్మరణ సంగతి. భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగారు. గోండులు ఆయన వర్ధంతిని ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుతారు, అంటే దసరా వెళ్లిన ఐదో రోజు. అప్పటికి మా పిల్లలు సగం మంది ఊళ్ల నుంచి తిరిగి రారు కూడా. ఆ రోజు మా కాలేజీలో ఏమీ జరగదు.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి పేరైతే అసలు ఎత్తం. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభకు అనుమతి రద్దయిందని తెలియని జనం ఊళ్ల నుంచి నడిచి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది, అంతకు చాలా ఎక్కువని అక్కడి జనం ఇప్పటికీ చెబుతారు. వాళ్ల జ్ఞాపకార్థం కట్టిన స్తూపం దగ్గర దండం పెట్టుకోవడానికి కూడా ఏళ్ల తరబడి 144 సెక్షన్ అడ్డం వచ్చింది. ఈ చరిత్ర జరిగిన జిల్లాలోనే చదువు చెబుతూ, దాన్ని క్లాసులో చెప్పకపోతే మనకెందుకీ దినోత్సవం?

ఏప్రిల్ 20న కాలేజీలో సభ పెడదామని స్టాఫ్ మీటింగులో అడిగాను. "ఏప్రిల్‌లో పరీక్షల టెన్షన్, వద్దు మేడం" అన్నారు. సరే, పెద్ద సభ వద్దు, ఒక్క గంట చాలన్నాను. గోండి మాట్లాడే పెద్దవాళ్లను పిలుద్దాం, బ్యానర్ మీద గోండి లిపిలో ఒక్క లైన్ రాయిద్దాం అన్నాను. గుంజాల లిపి అనే ఆ గోండి లిపి 2018లోనే యూనికోడ్‌లోకి వచ్చింది, కంప్యూటర్‌లో టైప్ చేయొచ్చు. పిల్లలే చేసి పెడతారు.

చివరికి ఈ ఏప్రిల్‌లో నా క్లాసు వరకు నేను చేశాను. ఆ పిల్లవాడి తాత వచ్చారు. సంత రోజున తను ఎటు పరుగెత్తిందీ, చెప్పులు ఎక్కడ వదిలేసిందీ గోండిలోనే చెప్పారు. నాకూ, ముందు బెంచీల్లో ఉన్నవాళ్లకూ ఒక్క ముక్క అర్థం కాలేదు. వెనక బెంచీల్లో ఎప్పుడూ నోరు మెదపని పిల్లలు ఒక్కొక్కరే లేచి ముందుకొచ్చారు, మా పక్కన కూర్చుని తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు.