నాలుగో ప్రత్యేక దళం వారికి: మీ సర్వీసు రూల్స్ గురించి

జపాన్ ప్రజాభద్రతా విభాగం,
డెవిల్ వేట శాఖ, నాలుగో ప్రత్యేక దళం,
టోక్యో.

అయ్యలారా, అమ్మలారా,

తత్సుకి ఫుజిమోతో గీసిన 'చైన్‌సా మ్యాన్' అనే మాంగాలో, అంటే జపాన్ బొమ్మల కథలో తప్ప మీరు ఈ భూమ్మీద ఎక్కడా లేరని మాకు తెలుసు. అయినా రాయక తప్పడం లేదు. 2018 డిసెంబరు నుంచి 2020 డిసెంబరు దాకా 'వీక్లీ షోనెన్ జంప్'లో నడిచిన మొదటి భాగం 97 అధ్యాయాలు, 11 సంపుటాలు. అంతా చదివాక తల నుంచి రంపం మొలిచే కుర్రాడి కంటే మీ సర్వీసు రూల్సే మమ్మల్ని ఎక్కువ భయపెట్టాయి. కథలో చివరి గుట్టు కూడా ఈ ఉత్తరంలో ఉంది. దాని అనిమే, అంటే టీవీలో వచ్చిన యానిమేషన్ సీరియల్ దగ్గరే ఆగినవాళ్లు ఇక్కడే కవరు మూసేయవచ్చు.

ముందు నియామకం సంగతి. డెవిల్స్ అనే రాక్షసులను వేటాడటం మీ పని. మీ అభ్యర్థి డెంజీకి, అంటే ఆ రంపం కుర్రాడికి, పదహారేళ్లు. తండ్రి చేసి చచ్చిన అప్పు యకూజాలకు, అంటే అక్కడి మాఫియాకు కట్టాలి. కిడ్నీ 12 లక్షల యెన్లకు, కుడి కన్ను 3 లక్షలకు, వృషణాల్లో ఒకటి లక్షకు కాస్త తక్కువకు అమ్మాడు. అవన్నీ పోగా మిగిలిన బాకీ 3 కోట్ల 80 లక్షల 40 వేలు. చెట్లు కొడితే నెలకు 60 వేలు వస్తాయి. ఆ సంపాదన ఒక్కటే చూస్తే, తిండీ వడ్డీ పక్కన పెట్టినా, అప్పు తీరడానికి 634 నెలలు. అంటే 52 ఏళ్ల 10 నెలలు. ఇలాంటివాడి దగ్గరికి మీ అధికారి మకిమా వచ్చి రెండు దారులు చూపించింది: డెవిల్‌గా నా చేతిలో చస్తావా, మనిషిగా నా పెంపకంలో ఉంటావా? కుక్కను అడిగినట్టే అడిగింది. వాడు అడిగిన ప్రశ్న ఒక్కటే, పొద్దున టిఫిన్‌కి ఏం పెడతారని. వెన్న, జామ్ రాసిన బ్రెడ్డు, సలాడ్, కాఫీ, ఆఖర్లో తీపి అని జవాబు వచ్చింది. జీతం ఊసే లేకుండా నియామకం ముగిసింది. సెలవులు, సంక్షేమం బాగుంటాయని చెప్పుకునే మీ శాఖలో వాటిని వాడుకునే దాకా ఎంతమంది బతుకుతారో ఆ ప్రకటనలో ఉండదు. సర్కారు కొలువు కోసం మొక్కుకునే మా ఇళ్లలో ఆ ప్రకటన చూపించే ధైర్యం మాకు లేదు.

తర్వాత ఒప్పందాల పట్టిక. మీ ఉద్యోగికి శక్తి కావాలంటే ఏదో ఒక డెవిల్‌తో ఒప్పందం చేసుకోవాలి, ఖరీదు సొంత ఒంట్లోంచి కట్టాలి. తుపాకీ, లాఠీ శాఖే ఇస్తుందనుకునే పోలీసులకు ఇది కొత్త. నక్క డెవిల్‌కి చర్మం ఇవ్వాలి. ఇచ్చినా అందరికీ ఒకే సేవ దొరకదు. నక్కకి అందగాళ్లంటే ఇష్టం కాబట్టి మీ ఉద్యోగి అకి హయకవా వేళ్లు మడిచి "కోన్" అంటే తలకాయ మొత్తం వచ్చి మింగుతుంది, తోటి ఉద్యోగి అరాయికి మాత్రం కాలు దాకానే. మొహం చూసి గ్రేడు ఇచ్చే పద్ధతి మీ శాఖలో నక్కదగ్గర మొదలైందో నక్కదాకా వచ్చిందో తెలియదు. అదే దళంలోని హిమెనో కుడి కన్ను ఇచ్చి దెయ్యం డెవిల్ కుడి చెయ్యి ఒకటి తెచ్చుకుంది. "చావు తప్పి కన్ను లొట్టపోయింది" అని మాకొక సామెత ఉంది. మీ దగ్గర కన్ను ముందుగా అడ్వాన్సు కింద పోతుంది, చావు తర్వాత వస్తుంది. అకిని కాపాడటానికి ఆమె మిగిలిన ఒళ్లంతా ఇచ్చేసింది. ముక్క ముక్కగా మాయమై బట్టలు మాత్రం మిగిలాయి. అంత ఇచ్చి రప్పించిన దెయ్యాన్ని ఎదుటివాళ్ల పాము డెవిల్ ఒక్క గుక్కలో మింగింది. ఇచ్చినదానికి రసీదు కూడా రాలేదు.

శాప డెవిల్ ఇంకా ఘాటు. మేకు ఆకారంలో ఉన్న కత్తితో లెక్క ప్రకారం పొడవాలి. లెక్క పూర్తయితే ఎదుటివాడు చస్తాడు, పొడిచినవాడి ఆయుష్షు తరుగుతుంది. అకికి మిగిలినవి రెండేళ్లని తేలింది. అప్పుడు మీరు పంపింది వైద్యుడి దగ్గరికి కాదు, భవిష్యత్తు డెవిల్ దగ్గరికి. అంతకుముందు దానితో ఒప్పందం చేసుకున్నవాళ్లలో ఒకరు సగం ఆయుష్షు ఇచ్చారు, ఇంకొకరు రెండు కళ్లు, రుచి, వాసన పోగొట్టుకున్నారు. అకికి మాత్రం భారీ తగ్గింపు: కుడి కంట్లో దాన్ని కాపురం పెట్టుకోనిస్తే చాలు. ఎందుకంత ధర్మబుద్ధి అంటే, నీ చావు మహా దారుణంగా ఉంటుంది, దాన్ని ముందు వరసలో కూర్చుని చూడాలి అంది. తగ్గింపు ఎందుకిస్తున్నారో ఇంత నిజాయితీగా చెప్పిన కొట్టు మరొకటి మాకు తగల్లేదు.

మీ హద్దుల తగాదా కూడా చూశాం. పవర్ అనే రక్తపు పిశాచి, శవంలో దూరిన డెవిల్, మీ జీతగత్తె. రోడ్డు మీద కనిపించిన సముద్ర దోసకాయ డెవిల్‌ని ఒక్క దెబ్బకు చితక్కొట్టింది. దానికి మందలింపు తిన్నది. ముందుగా ప్రైవేటు వేటగాళ్లు చేపట్టిన డెవిల్‌ని మీవాళ్లు చంపితే అది వాళ్ల వ్యాపారానికి ఆటంకం కలిగించిన నేరమట. ఊరు మధ్యలో దెయ్యం ఊగిపోతుంటే ముందు ఫైలు ఎవరిదో తేల్చుకోవాలి. ఈ ఒక్క రూలు మాకు అచ్చంగా అర్థమైంది, అనువాదం కూడా అక్కర్లేకపోయింది.

ఇక భయం నిర్వహణ. మీ లోకంలో ప్రతి డెవిల్ ఒక పేరుతో పుడుతుంది. ఆ పేరంటే జనానికి ఎంత భయమో దానికంత బలం. కాఫీ డెవిల్ వస్తే చీపురుతో తరమవచ్చు, కారు డెవిల్ వస్తే కష్టం. తుపాకీ డెవిల్ జపాన్ గడ్డ మీద ఉన్నది 26 సెకన్లు, చచ్చినవాళ్లు 57,912 మంది. వాళ్లలో అకి ఇంటివాళ్లూ ఉన్నారు. తర్వాత సర్కార్లు తుపాకులను కట్టడి చేశాయి, దాంతోపాటు వార్తలనూ కట్టడి చేశాయి. జనం వింటే భయపడతారు, భయపడితే వాడికి బలం. లెక్కలు దాచడానికి ఇంతకంటే శాస్త్రీయమైన కారణం ఏ ప్రభుత్వానికీ దొరకలేదు. ఈ వాక్యం బయట ఎవరికీ చూపించకండి, నేర్చుకుంటారు.

మీ మీద తీసిన అనిమే గురించి ఒక మాట. 2022 అక్టోబరులో మొదలై 12 భాగాలు వచ్చింది. ప్రచురణకర్త, టీవీ చానల్, పాటల కంపెనీ తలా కొంత పెట్టే కమిటీ పద్ధతి అక్కడ మామూలు. మప్పా స్టూడియో ఆ కమిటీ వద్దనుకుని ఖర్చంతా తానే పెట్టుకుంది. మీ దగ్గర నేర్చుకున్నట్టుంది, ఖరీదు సొంత ఒంట్లోంచే. భాగానికొకటి చొప్పున పన్నెండు ముగింపు పాటలు పెట్టారు. దర్శకుడు ర్యూ నకయామా దాన్ని గొంతెత్తని సినిమాలా తీశాడు. నాలుగో భాగంలో అకి నిద్రలేస్తాడు, కాఫీ చేసుకుంటాడు, బాల్కనీలో పేపరు చదువుతాడు. మాంగాలో ఇంత తీరిక లేదు. అక్కడి అభిమానులు కొందరు, అరవాల్సిన చోట గొణిగారని గొడవ చేశారు. మాకు మాత్రం ఆ కాఫీ దృశ్యమే ఈ శాఖకు తగ్గ దృశ్యం అనిపించింది. రెండేళ్లలో పోయేవాడు పొద్దున్నే పేపరు చదువుతుంటే చూడటం కష్టం, రక్తం చూడటం తేలిక. 2025లో రెజె అనే అమ్మాయి కథతో వచ్చిన సినిమాకు దర్శకుడు మారి, టీవీలో పోరాటాలు చూసుకున్న తత్సుయా యోషిహరా వచ్చాడు. అందులో తుపాను డెవిల్ ఎగరేసుకుపోతున్న ఏంజెల్ చెయ్యి పట్టుకుని ఆపినందుకు అకి ఆయుష్షులో ఇంకో రెండు నెలలు ఖర్చు. ముట్టుకుంటే ఆయుష్షు తీసుకునే ఏంజెల్ కూడా మీ సిబ్బందే కదా. తోటి ఉద్యోగిని కాపాడినా జేబులోంచే కోత.

చివరగా మీ పై అధికారి. క్యోటోలో మకిమా సామగ్రి అడిగిన తీరు మాకు బాగా గుర్తు: యావజ్జీవమో అంతకు మించో శిక్ష పడిన ఖైదీలు ముప్పై మంది, వీలైనంత ఎత్తులో ఉన్న గుడి ఒకటి. పెన్నులు, కాగితాలు అడిగినట్టు అడిగింది, వచ్చాయి. ఒక్కో ఖైదీ కూలుతుంటే టోక్యోలో ఒక్కో శత్రువు నలిగిపోయాడు. ఆమె మనిషి కాదు, నియంత్రణ డెవిల్ అని తర్వాత తెలిసింది. పైగా ప్రధానమంత్రితో ఒప్పందం: ఆమె మీద పడ్డ ప్రతి దాడీ జపాన్ పౌరుల్లో ఎవరికో జబ్బుగానో ప్రమాదంగానో మారిపోతుంది. కంచే చేను మేసిందని మేము అంటాం. మీ దగ్గర చేనుకి తెలియకుండానే చేను తరఫున సంతకం కూడా అయిపోయింది.

ఇక మా విన్నపం. అన్న కాలేజీ చదువు కోసం ఇంటివాళ్లు మీ దగ్గరికి తోసిన కొబెని రాజీనామా చేసి బర్గర్ల కొట్టులో పనికి చేరింది. ఆమె పాత బకాయి ఒకటి మిగిలింది. హోటల్ ఎనిమిదో అంతస్తులో అనంత డెవిల్ మీవాళ్లను బంధించినప్పుడు గడియారం 8:18 దగ్గర ఆగిపోయింది. డెంజీ మూడు రోజులు ఆపకుండా కోస్తూ ఉంటే గానీ అది చావలేదు. ఆ మూడు రోజులూ కొబెని డ్యూటీలోనే ఉంది. హాజరు పట్టీలో మాత్రం గడియారం ప్రకారం సున్నా నిమిషాలు పడి ఉంటుంది. సరిదిద్ది, ఓవర్‌టైం డబ్బు బర్గర్ల కొట్టు చిరునామాకు పంపగలరు.

ఇట్లు,
మీ పాఠకులు