ఎర్ర క్యాలిపర్ పెడితే కారు ముందే ఆగదు

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కారుకు రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయించాక చాలామంది మనసు పోయేది ఒక్కచోటికే: ముందు చక్రాలకు పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్ల ఎర్ర క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే భాగాలు). పవర్ పెంచాం కదా, బ్రేకులూ పెంచాలి అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు అది చాలావరకు షోకే.

కారును చివరికి ఆపేది టైరు. డిస్కూ ప్యాడ్లూ చక్రాన్ని ఆపుతాయి, రోడ్డును పట్టుకోవాల్సింది మాత్రం రబ్బరే. పెడల్ బలంగా తొక్కినప్పుడు కంపెనీ బ్రేకులతోనే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకు బలాన్ని తగ్గించే ఏర్పాటు) పనిచేసి పెడల్ కొట్టుకుంటోందంటే, టైరు పట్టు అక్కడితో అయిపోయినట్టే. ఆపైన ఎంత బలం పెట్టినా ఏబీఎస్ దాన్ని తగ్గించేస్తుంది. పైగా పోలోకి వెనక ఉన్నవి డిస్కులు కాదు, డ్రమ్ బ్రేకులు. ముందు మాత్రమే బలం పెంచితే ముందు చక్రాలు ముందుగానే ఏబీఎస్‌లో పడతాయి, వెనక టైర్ల పట్టు వాడకుండానే మిగిలిపోతుంది. ఆగే దూరం తగ్గకపోగా పెరిగినా పెరగొచ్చు! పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచి పెద్ద పిస్టన్లు తగిలిస్తే పెడల్ ఇంకా లోపలికి దిగుతుంది. పెద్ద డిస్కు పట్టడానికి పెద్ద రిమ్ములు కూడా కొనాలి. ఇంత ఖర్చు చేసి అరిగిన టైర్లతోనే తిరిగేవాళ్లను ఏమనాలి? పైన పటారం, లోన లొటారం.

వేడి సంగతేమిటంటారా? నిజమే. వేగం 100 నుంచి 140కి పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ల్యాప్ మీద ల్యాప్ కొట్టేవాళ్లకు పెద్ద డిస్కు అవసరమే. శ్రీశైలం ఘాట్ దిగేవాళ్లకు మాత్రం తక్కువ గేరు చాలు, ఇంజినే వేగాన్ని పట్టి ఉంచుతుంది.

మిగతావాళ్లు ముందు మంచి టైర్లు, తర్వాత మంచి ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ వేయించుకోవాలి. ఫ్లూయిడ్ మరిగితే బ్రేకు పట్టదు. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. రెండేళ్లకోసారి దాన్ని మార్పించడానికి పెద్ద ఖర్చేమీ కాదు, కాకపోతే ఫొటోలో కనిపించదు.

కనిపించేదాని మీదే మోజు మన చట్టానికీ ఉంది. తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది. ఎర్ర క్యాలిపర్ తనిఖీలో కంటపడుతుంది. ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ)లో దాగిన రీమ్యాప్‌ను రోడ్డు పక్కన పట్టుకునేదెవరు? అసలు ప్రమాదం పెరిగింది అక్కడే కదా. జర్మనీలో టీయూవీ లాంటి సంస్థలు విడిభాగాన్ని పరీక్షించి పత్రం ఇస్తాయి, ఆ మార్పు బండి కాగితాల్లోకి ఎక్కుతుంది. మన దగ్గర సీఎన్‌జీ కిట్లకు ఆమోద పద్ధతి ఉంది. పుణేలో వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐకి బ్రేక్ కిట్లను పరీక్షించే పని అప్పగించి, అక్కడ పాసైన వాటిని ఆర్సీలో ఎక్కించడానికి రవాణా శాఖకు అడ్డేమిటి?