జీవామృతం పోస్తే గాలిలోని నత్రజని ప్రతి మొక్కకూ అందుతుందా?

హైదరాబాద్ మిద్దెతోటల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "గాలిలో 78 శాతం నత్రజనే. జీవామృతం (పేడ, గోమూత్రం, పప్పుల పిండి కలిపి డ్రమ్ములో పులియబెట్టిన ద్రవం) పోస్తే సూక్ష్మజీవులు దాన్ని లాగి ప్రతి మొక్కకూ ఇస్తాయి. యూరియా చిటికెడు వేసినా మట్టి చచ్చిపోతుంది. ఎండాకులు ఎంత కలిపితే అంత నత్రజని" అని. ఇది నమ్మి ఎరువు మానేసిన కుండీల్లో గోంగూర పాలిపోతుంటే బాధేస్తుంది.

78 శాతం నిజమే. అయితే ఆ నత్రజని పరమాణువులు జంటగా, మూడు బంధాలతో బిగుసుకుని ఉంటాయి. వాటిని విడదీసే నైట్రోజినేజ్ ఎంజైమ్ కొన్ని సూక్ష్మజీవులకే ఉంది. రైజోబియం అనే బాక్టీరియా కంది, చిక్కుడు, వేరుశనగ వేళ్లలో బుడిపెలు కట్టి, మొక్క పెట్టే చక్కెర తిని నత్రజని అందిస్తుంది. టమాటాకు, వంకాయకు ఆ బుడిపెలు రావు. మట్టిలో విడిగా బతికే అజటోబాక్టర్ చేసేది కొద్దిపాటే. చిక్కుడు మొక్క పీకినప్పుడు ఓ బుడిపె కోసి చూడండి, లోపల గులాబీ రంగుంటే అది పని చేస్తున్నట్టు.

యూరియా దగ్గరే అసలు గందరగోళం. జీవామృతంలో కలిపే గోమూత్రంలో నత్రజని ఎక్కువగా యూరియా రూపంలోనే ఉంటుంది. బస్తాలో ఉన్నదీ అదే అణువు. డ్రమ్ములోనైనా కుండీలోనైనా యూరియేజ్ ఎంజైమ్ దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది, తడి తగిలి అది అమ్మోనియం అవుతుంది. దాన్ని నైట్రోసోమోనాస్ లాంటి బాక్టీరియా నైట్రైట్‌గా, ఆపై నైట్రోబాక్టర్ లాంటివి మొక్క వేళ్లు పీల్చుకునే నైట్రేట్‌గా మారుస్తాయి. 1890 ప్రాంతంలోనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఈ సంగతి తేల్చాడు. ఆ జీవులు బతికేదే ఈ మార్పు నుంచి వచ్చే శక్తితో. మరి చిటికెడుకే మట్టి ఎలా చస్తుంది? మోతాదు భయం మాత్రం న్యాయమైనదే. బస్తా యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది, గుప్పెడు వేస్తే చిన్న కుండీలో వేళ్లు మాడతాయి. ఏళ్లతరబడి అదొక్కటే వేస్తే మట్టి పుల్లబడుతుంది కూడా.

ఎండాకుల మాట పూర్తిగా తలకిందులు. వాటిలో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. నేరుగా మట్టిలో కలిపితే, కుళ్లబెట్టే జీవులు తమకు కావలసిన నత్రజనిని ఆ మట్టి నుంచే తీసుకుంటాయి. కొన్నాళ్లు మొక్క పస్తే. వంటింటి తొక్కలతో కలిపి కంపోస్ట్ చేశాకే వేయండి.

జీవామృతం వద్దనడం లేదు. పేడ, మూత్రం, పప్పుల పిండి తెచ్చే నత్రజని కొంత అందుతుంది, పాలకూరకు అది చాలకపోవచ్చు. మెసేజ్‌లో లేని ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. వానాకాలంలో కుండీ కింది రంధ్రం పూడుకుపోయి నీళ్లు నిలిస్తే, గాలాడని మట్టిలో వేరే బాక్టీరియా నైట్రేట్‌ను మళ్లీ వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. ఏ ఎరువు పోసేముందైనా ఆ రంధ్రం ఒకసారి పుల్లతో పొడిచి చూడండి.